బొమ్మలో కింది సగం

ఆ రోజుల్లో బొమ్మలు పైనుంచి కిందికి దిగేవి. ఇప్పటి పిల్లలకి ఈ మాట చెబితే నమ్మరు. ఫోను మీద వేలు పెట్టగానే ఏ బొమ్మయినా ఒక్కసారిగా ప్రత్యక్షమైపోయే కాలం వాళ్ళది. మా కాలంలో, అంటే మరీ రాతియుగం కాదు లెండి, నేను పదో తరగతి చదివే రోజుల్లో, తాడేపల్లిగూడెం నెట్ సెంటర్లో కూర్చుని ఒక బొమ్మ మీద నొక్కితే ముందు ఆకాశం వచ్చేది. తర్వాత కాసేపు ఏమీ వచ్చేది కాదు. ఆ తర్వాత ఎవరిదో తల, ఆ తర్వాత మెడ. భుజాలు దిగేలోపు కరెంటు పోయేది, లేకపోతే లైను పోయేది, అదీ కాకపోతే నా రైలు పోయేది. అందువల్ల పాశ్చాత్య చిత్రకళా చరిత్రలో నా పాండిత్యం చాలాకాలం నడుం దాకానే ఉండిపోయింది. ఏ శతాబ్దంలో ఎలాంటి టోపీలు పెట్టుకునేవారో, ఏ దేశం వాళ్ళు మబ్బులు ఎలా వేసేవారో నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. చెప్పుల సంగతి మాత్రం అడగకూడదు. (ఇప్పుడు అడగొచ్చు. ఇప్పుడు అన్నీ కనబడుతున్నాయి. చూడాలన్న ఆత్రమే పోయింది.)

భీమడోలు దగ్గర కొల్లేటి అంచున ఉండే ఒక చిన్న ఊరి పిల్లకి పడమటి దేశాల బొమ్మలతో పనేమిటని మీరు అడగొచ్చు. మా ఊళ్ళో వాళ్ళూ అడిగారు. దానికి కారణం మా ఇంటి గోడ మీద వేలాడే సగం బొమ్మ. అమ్మ ఏలూరులో మిషను హాస్టల్లో ఉండి చదువుకుంది. హాస్టల్ వదిలి వచ్చే రోజున వార్డెనమ్మగారు దీవించి ఒక బొమ్మ చేతిలో పెట్టారట. అమ్మ దానికి అద్దం కట్టించుకుని, ఆ పటంతోనే కాపురానికి వచ్చింది. నీలం ముసుగు వేసుకున్న తల్లి, ఒళ్ళో బిడ్డ, వెనక కిటికీ, కిటికీలోంచి కనబడే ఒంటి చెట్టు. నాకు ఊహ తెలియక ముందు ఒకసారి కొల్లేరు పొంగి ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. పటం కింది సగం నాని, అద్దానికి అంటుకుపోయి ముద్దయిపోయింది. నాన్న పాడైన భాగం కత్తిరించేసి, మిగిలిన పై సగాన్ని తెల్ల అట్ట మీద అంటించి మళ్ళీ మేకుకి తగిలించాడు. కాబట్టి నేనెరిగిన ఆ తల్లికి ఒడి లేదు. బిడ్డకి కాళ్ళు లేవు. బిడ్డ ఒక చెయ్యి కిందికి చాపి ఉంటాడు, సరిగ్గా మణికట్టు దగ్గర నాన్న కత్తెర పడింది.

ఆ చెయ్యి దేని కోసం చాపాడన్నది మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ తేల్చాలని చూసిన సమస్య. నాన్న చేపల చెరువుల మీద పనిచేసేవాడు. కొల్లేట్లో ప్రభుత్వం వాళ్ళు చెరువుల గట్లు కొట్టేశాక పని పోయి, సైకిలేసుకుని గణపవరం వైపు చెరువులకి వెళ్ళేవాడు. "చేప కోసమే అయ్యుంటుందమ్మా, ఇంక దేనికి?" అనేవాడు. అమ్మ చెల్లెలు, మా పిన్ని, పాలసీసా అనేది. (ఆ కాలంలో పాలసీసా ఎక్కడిదే అంటే, వాళ్ళు తెల్లవాళ్ళు కదా, ముందే ఉండుంటుంది అనేది.) పాస్టరుగారు వచ్చినప్పుడు కాఫీ గ్లాసు పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని, "ఆ చెయ్యి మనందరి కోసమండీ" అనేవారు. దాంతో ఎవరికీ మాట్లాడ్డానికి ఏమీ మిగిలేది కాదు. అమ్మ మాత్రం నవ్వేది.

నేను పదో తరగతిలోకి వచ్చిన ఎండాకాలం అమ్మకి రొమ్ములో గడ్డ ఉందని తెలిసింది. ఏలూరులో ఆపరేషన్ చేశారు, రేడియేషన్ కరెంటు పెట్టారు, మందులు ఎక్కించారు. జుట్టు పోయింది, పుండు పడింది. దసరా సెలవులు అయ్యేసరికి ఇక ఇంటి దగ్గరే ఉంచి చూసుకోమన్నారు. ఆ మాటకి అర్థం ఏమిటో ఇంట్లో అందరికీ తెలిసింది, నాకు తప్ప. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపించారంటే నయమైనట్టే కదా అనుకుని నేను వీధంతా చెప్పొచ్చాను. ఆ వారంలోనే ఒకరోజు అమ్మ మంచం మీంచి గోడకేసి చూస్తూ నన్ను పిలిచింది.

"చిట్టీ, ఆ బాబు చెయ్యి కింద ఏముండేదో గుర్తు రావట్లేదే. కళ్ళు మూసుకుంటే పై సగమే వస్తోంది. మీ బాబాయి దగ్గర ప్రపంచంలో బొమ్మలన్నీ కనబడతాయంటగా? వెళ్ళి చూసొచ్చి చెప్పవే."

"ఎప్పుడు వెళ్ళనమ్మా?"

"శనివారం వెళ్ళు. బడి ఉండదుగా. పొద్దున్నే వెళ్ళి సాయంత్రం వద్దువుగాని."

మాది మిషను బడి, శనివారం సెలవు. ఆ రోజు నుంచి ప్రతి శనివారం ఒక ఏర్పాటు జరిగేది. అమ్మని చూసుకోవడానికి పిన్ని తాడేపల్లిగూడెం నుంచి పాసింజరులో భీమడోలు వచ్చేది. నేను అటు వెళ్ళే బండి కోసం అదే స్టేషన్లో నిలబడి ఉండేదాన్ని. పిన్ని రైలు దిగి, నా జడ సవరించి, "మీ బాబాయికి అన్నం వండి పెట్టొచ్చాను, నువ్వూ ఆయనతో తినమ్మా. సాయంత్రం బండికే రా. ముందు బండికి మాత్రం రాకు" అనేది. నా చదువు మీద పిన్నికి ఎంత శ్రద్ధో అనుకునేదాన్ని.

బాబాయి, అంటే పిన్ని భర్త, నెట్ సెంటరు గూడెం స్టేషన్ రోడ్డులో మందుల షాపు మీద మేడగదిలో నడిపేవాడు. ప్లైవుడ్ చెక్కలతో అరలు, అరకో కంప్యూటరు, అన్నిటికీ కలిపి ఒక్క లైను. బాబాయి చర్చిలో సంఘపెద్ద కూడాను. అందుకని లోపలికి రాగానే కనబడేటట్టు ఎర్ర రంగుతో "ఇచ్చట అసభ్యకరమైన బొమ్మలు చూడరాదు. చూసినవారిని బయటకు పంపబడును" అని రాయించాడు. (వ్యాకరణం బాబాయిదే.) మొదటి శనివారం నేను తల్లీ బిడ్డా బొమ్మ అని టైపు కొట్టగానే వేలకి వేలు వచ్చిపడ్డాయి. పడమటి దేశాల వాళ్ళు కొన్ని వందల ఏళ్ళపాటు ఇంకో పని లేనట్టు తల్లీబిడ్డల్నే వేశారని అప్పుడే తెలిసింది. ఒక్కో బొమ్మా దిగేదాకా చూస్తూ కూర్చుంటే నా పదో తరగతే కాదు, నా మనవరాలి పదో తరగతి కూడా అయిపోతుంది. మా ఇంటి బొమ్మ ఏ కాలంది, ఏ దేశంది అన్నది ముందు తేల్చుకోవాలి. అలా వెతుకుతుంటే ఎవరో విదేశీ కాలేజీ వాళ్ళు చిత్రకళా చరిత్ర పాఠాలు వరసగా ఊరికే చదువుకోమని పెట్టినవి దొరికాయి. పాఠం చివర ప్రశ్నలు, జవాబు తప్పయితే ఎర్ర గుర్తు. తెలుగు మీడియం పిల్లని, పక్కన డిక్షనరీ పెట్టుకుని మొదలుపెట్టాను. వాళ్ళ పేర్లు నా నోటికి తిరగలేదు. అందుకని చీకట్లో దీపం వేసేవాడికి దీపం తాతగారని, అందరికీ మెడలు పొడుగ్గా లాగేవాడికి కొంగాయనని నేనే పేర్లు పెట్టుకున్నాను. ఇప్పటికీ ఏ పుస్తకంలోనైనా దీపం తాతగారు కనబడితే బంధువు కనబడినట్టే ఉంటుంది.

చదువు సాఫీగా సాగుతుండగా ఒక శనివారం పాఠంలో ఎవరో దేవత వచ్చింది. ముందు ఆకాశం దిగింది. తర్వాత బంగారు రంగు జుట్టు, బోలెడు జుట్టు. బాబాయి నా వెనకాల నిలబడి, "ఎవరమ్మా ఈవిడ?" అన్నాడు.

"దేవత, బాబాయ్."

"మనకి వేరే దేవతలు లేరు కదమ్మా."

"చరిత్ర, బాబాయ్. పరీక్షకి వస్తుంది."

మెడ దిగింది. భుజాలు దిగాయి. బట్ట ఆనవాలు లేదు. బాబాయి దగ్గాడు. "చీర కిందనుంచి మొదలవుతుందేమో బాబాయ్" అన్నాను ఆశగా. ఇంకో గీత దిగింది. పక్క అరల్లోంచి ప్లైవుడ్ పైకి ఒక తల లేచింది, దాని వెనక ఇంకొకటి. బాబాయి ఒక్క అంగలో మెయిన్ స్విచ్ దగ్గరికి వెళ్ళి కట్టేశాడు. సెంటరంతా చీకటైపోయింది. ఆ మూల అరలోంచి ఎవరో అబ్బాయి, "ఏవండీ! నా అప్లికేషనండీ! పొద్దుట్నుంచీ నింపుతున్నానండీ!" అని ఏడుపు గొంతుతో అరిచాడు. కంచే చేను మేసిందంటే ఇదే, ఎర్ర అక్షరాల బోర్డు పెట్టాక ఆ నేరం కింద దొరికిన మొదటి మనిషిని నేను, సంఘపెద్దగారి స్వంత కూతురిలాంటి దాన్ని. ఆ తర్వాత నుంచి బాబాయి తన తువ్వాలు తెచ్చి నా కంప్యూటరు తెర కింది సగం మీద కప్పేవాడు. బొమ్మ పూర్తిగా దిగాక ముందు తను తువ్వాలు ఎత్తి తొంగి చూసి, పర్వాలేదనుకుంటే తీసేవాడు. చాలాసార్లు తియ్యలేదు. నా చదువు నడుం దాకానే ఆగిపోవడంలో కరెంటు వాళ్ళది సగం తప్పయితే ఆ తువ్వాలుది మిగతా సగం.

సాయంత్రం బండికి వచ్చేసరికి అమ్మ ఎప్పుడూ అలిసిపోయి, మొహం వాడిపోయి ఉండేది. పొద్దున్న చూసి వెళ్ళిన మనిషేనా అనిపించేది. పిన్ని కళ్ళు ఎర్రగా ఉండేవి, పొయ్యి పొగ అనేది. (గ్యాసు పొయ్యికి పొగేమిటని అప్పుడు అడగలేదు నేను. టోపీల శతాబ్దాలు తెలిసినదాన్ని, ఇది తోచలేదు.) నేను మంచం పక్కన కూర్చోగానే అమ్మ నా చూపుడువేలు పట్టుకునేది. చెయ్యంతా పట్టుకునే ఓపిక ఉండేది కాదు, ఒక్క వేలు పట్టుకుని, "ఊఁ, ఇవాళ ఏం చూశావు?" అనేది. నేను చూసిన పై సగాలన్నీ వర్ణించేదాన్ని. అమ్మ లాంటి విమర్శకురాలు ఆ కాలేజీ వాళ్ళకి దొరికుంటే పాఠాలు ఇంకోలా రాసేవారు.

"పశువుల పాకలో అంత పట్టుబట్ట కట్టుకుని కూర్చుందా? పేడ అంటదూ?"

"దేవుడి తల్లి కదమ్మా."

"అయితే మాత్రం? నిన్న ప్రసవించిన మనిషి. ఆ మొహంలో నీరసం ఏదే? ఆ బొమ్మలేసినాయన భార్యని చూసైనా వేసుండాల్సింది." ఇంకో బొమ్మ గురించి చెబితే, "అంతమంది దేవదూతలు రెక్కలేసుకుని చుట్టూ తిరుగుతున్నారు, ఒక్కళ్ళకి పసివాడి మీద గుడ్డముక్క కప్పాలని తోచలేదా? చలిదేశం అన్నావుగా!" అంది. నేను విరగబడి నవ్వేదాన్ని. అమ్మ కూడా నవ్వేది, కాస్త నవ్వి ఆపేసేది.

ఒకసారి గుర్తుల పాఠం వచ్చింది. ఆ బొమ్మల్లో ఊరికే ఏదీ వెయ్యరు, యాపిల్ పండుకి ఒక అర్థం, ద్రాక్షకి ఒక అర్థం, కుక్కకి ఒక అర్థం. అందులో మా గూడబాతు (ఇంగ్లీషులో పెలికన్) కూడా ఉంది! కొల్లేట్లో పుట్టి పెరిగినదానికి ఇంగ్లీషు పాఠంలో గూడబాతు కనబడితే ఎలా ఉంటుందో ఆలోచించండి. మేనమామ టీవీలో కనబడినట్టు ఎగిరి గంతేశాను. గూడబాతు తన పిల్లలకి తిండి దొరక్కపోతే ముక్కుతో తన రొమ్ము తనే చీల్చుకుని ఆ రక్తం పిల్లలకి పడుతుందని తెల్లవాళ్ళు నమ్మేవారట, అందుకని త్యాగానికి గుర్తుగా దాన్ని వేసేవారట. ఆ సాయంత్రం ఇంటికి పరిగెత్తుకొచ్చి అమ్మకి చెప్పాను.

"ఎవరమ్మా వాళ్ళకి చెప్పింది?" అంది అమ్మ. "గూడబాతు చేపలు పట్టి సంచిలో తెచ్చుకుంటుంది. పిల్లలు ఆ సంచిలో తలకాయ పెట్టి తింటాయి. నేనెన్నిసార్లు చూశాను! వాళ్ళొకసారి కొల్లేరు వచ్చుంటే తెలిసేది." అని నవ్వబోయి, కట్టు మీద చెయ్యి పెట్టుకుని, "నవ్వించకే, లాగుతోంది" అంది. దుప్పటి పైకి లాక్కుని, "పిచ్చిపక్షి. అంత పని చేసేస్తే, రేపట్నుంచి ఆ పిల్లల్ని ఎవరు చూస్తారు?" అంది. నేను లేచి వెళ్ళి దీపం వేశాను.

క్రిస్మస్ వెళ్ళాక, చలి ఇంకా పోకముందు, మా బొమ్మ దొరికింది. కాలం తేల్చుకుని, దేశం తేల్చుకుని, నీలం ముసుగులు విడదీసుకుని, కిటికీ ఉన్నవీ లేనివీ ఏరుకుంటూ వస్తే, ఎక్కడో విదేశీ మ్యూజియం వాళ్ళ పేజీలో ఒక చిన్న గోరంత బొమ్మ. దాని మీద నొక్కాను. కిటికీ దిగింది. కిటికీలో ఒంటి చెట్టు. నేను పుట్టినప్పట్నుంచీ చూస్తున్న చెట్టు! "బాబాయ్!" అని అరిచాను. బాబాయి తువ్వాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు, బొమ్మ చూసి తువ్వాలు భుజం మీద వేసేసుకున్నాడు. ముసుగు దిగింది. వంచిన తల దిగింది. బాబు బుగ్గలు, బాబు భుజం, మోచెయ్యి. ఇద్దరం తెర మీదికి వంగి చూస్తున్నాం. మణికట్టు దగ్గరికి రాగానే కరెంటు పోయింది. తర్వాతి శనివారం మళ్ళీ కిటికీ, మళ్ళీ చెట్టు, మళ్ళీ మోచెయ్యి, అక్కడ లైను బిగుసుకుపోయింది. సాయంత్రం బండి కూత పెట్టేదాకా చూశాను, ఒక్క గీత దిగలేదు. ఆ తర్వాతి వారం ఆ మ్యూజియం వాళ్ళ పేజీయే తెరుచుకోలేదు. నాన్న కత్తెర ఎక్కడ పడిందో సరిగ్గా అక్కడే ఆగాలని ఆ లైనుకి ఎవరు చెప్పారో తెలియదు. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. నేను సముద్రాలు దాటి వెళ్ళి మా ఇంట్లో ఉన్న ముక్కనే పట్టుకొచ్చాను.

"అమ్మా, దొరికింది. మనింట్లో ఉన్నంతే దొరికింది" అని చెప్పి ఏడ్చేశాను. అమ్మకి అప్పటికి కూర్చోబెడితే తప్ప కూర్చునే శక్తి లేదు. అయినా నవ్వింది. "పోన్లే. ఇన్ని వారాలు చూసొచ్చావుగా. ఆ చెయ్యి కింద ఏముండుంటుందో నువ్వే వెయ్యవే, చూస్తాను" అంది.

ఆ వారమంతా నేను వేరే పని చెయ్యలేదు. పబ్లిక్ పరీక్షలు నెత్తిన ఉన్నాయని అందరూ గుర్తుచేస్తున్నా వినలేదు. ఇది మామూలు డ్రాయింగు కాదు, పోయిన భాగాన్ని శాస్త్రప్రకారం తిరిగి కట్టడం! నేర్చుకున్నదంతా అందులోకి దింపాను. కింద నల్లవీ తెల్లవీ గచ్చుబిళ్ళలు దూరం వెళ్ళేకొద్దీ చిన్నవవుతూ వేశాను. ఒక కుక్క, యాపిల్ పండు, ద్రాక్షగుత్తి, ఏ అర్థమూ బయట పడిపోకుండా అన్నీ పెట్టాను. తల్లి పాదాల దగ్గరికి వచ్చేసరికి చెయ్యాడలేదు, ఎందుకంటే నేను చూసిన బొమ్మల్లో పాదాలెప్పుడూ దిగలేదు. మంచం మీద దుప్పట్లోంచి బయటికి వచ్చిన అమ్మ పాదాలు చూసి వేశాను, పగుళ్ళతో సహా. ఇక బాబు చెయ్యి. తల్లి మొహంలో ఆ దిగులు, బిడ్డ చెయ్యి కిందికి ఉండటం, అన్నీ బేరీజు వేసుకుంటే శాస్త్రం ఒక్కదాన్నే చూపిస్తోంది. బాబు చెయ్యి గూడబాతు సంచిలో పెట్టాను. రొమ్ము మాత్రం చీల్చలేదు. అమ్మ చెప్పిందే వేశాను. అన్నం మెతుకులతో దాన్ని తెల్ల అట్ట మీద, పై సగానికి సరిగ్గా కలిసేలా అంటించి, పటం అమ్మ కళ్ళ ముందు పట్టుకున్నాను.

అమ్మ చాలాసేపు చూసింది. ముందు పాదాల దగ్గర చూసింది. తర్వాత గూడబాతుని చూసింది. పెదాలు వణికాయి. నొప్పేమో అనుకున్నాను.

"ఇదే చిట్టీ" అంది. "సరిగ్గా ఇదే."

"నిజంగానా అమ్మా? గుర్తొచ్చిందా?"

"ఇప్పుడు గుర్తొచ్చింది. గూడబాతే." అని నా వేలు పట్టుకుంది.

నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. బొమ్మ కేసి చూసి, అమ్మ కేసి చూసి, చెంబు తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఆ చెంబుతో నీళ్ళు ముంచిన చప్పుడు ఎంతకీ వినబడలేదు. నాకు అవేమీ పట్టలేదు. ఆ రోజు కొల్లేటి అంచున ఒక మహా పండితురాలు అవతరించింది. తెల్లవాళ్ళ కంప్యూటర్లు చూపించలేనిది కేవలం బుద్ధిబలంతో పట్టుకున్నాను కదా! ఆ గర్వంతో నాకు సరిగ్గా నిద్ర కూడా పట్టలేదు.

పరీక్షలకి ముందు అమ్మ చనిపోయింది. నేను బడిలో ఉండగా పోయింది. అప్పుడు కూడా నేను దగ్గర లేను.

జ్ఞాపకార్థ కూడికకి వచ్చినవాళ్ళు పటం చూసి, "అదేంటమ్మా, బాతా?" అని అడిగారు. నేను, ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన దాన్ని, ఆ ప్రశ్నకి మాత్రం లేచి నిలబడి గుర్తుల పాఠం మొదలుపెట్టాను. గూడబాతు ఎందుకు ఉండి తీరాలో, అమ్మ స్వయంగా ఎలా ధ్రువపరిచిందో పాస్టరుగారికి వివరంగా చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని, "దేవుడిచ్చిన జ్ఞానమండీ" అన్నారు. బాబాయి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పిన్ని ఇంక ఆగలేక నన్ను చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళి కావలించుకుంది.

"శనివారం శనివారం నర్సమ్మ వచ్చి కట్టు మార్చేదే. విప్పుతుంటే అక్క అరుపులకి వీధి వీధంతా తలుపులేసుకునేవాళ్ళు. 'చిట్టి వినకూడదే, దాన్ని ఎక్కడికైనా పంపించెయ్యి' అని నా కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. ఏం చెప్పి పంపుతాం అక్కా, అది నిన్నొదిలి వెళ్ళదు కదా అంటే, గోడకేసి చూసి, 'బొమ్మ ఉందిగా' అంది."

నేను టోపీలూ మబ్బులూ లెక్కపెడుతున్న శనివారాలన్నీ ఒక్కసారి నా మీద పడ్డాయి. సాయంత్రం బండికే రమ్మన్నది ఎందుకో, పొయ్యి పొగ ఎక్కడిదో అర్థమైంది. ఆ దుఃఖం ఇన్నేళ్ళయినా తగ్గలేదు, తగ్గుతుందని కూడా అనుకోను. అయితే మనిషి గర్వం ఎంత మొండిదో చూడండి. అంత ఏడుపులోనూ లోపల ఎక్కడో ఒక గొంతు, పంపించడానికి అది సాకే కావచ్చు, గూడబాతు మాత్రం నిజం కదా, అంటూనే ఉంది. ఆ ఒక్కటీ నాకు మిగలాలనిపించింది.

తర్వాత చాలా ఏళ్ళు మిగిలింది. నేను ఏలూరులో బడిపంతులమ్మనయ్యాను. పిల్లలకి బొమ్మలు వెయ్యడం నేర్పుతాను. ప్రతి ఏడాదీ కొత్త తరగతికి నా గూడబాతు కథ చెప్పి, చదువుకుంటే ఎంత దాకా వెళ్ళొచ్చో చూడండర్రా అనేదాన్ని. ఆ బొమ్మ కోసం మళ్ళీ వెతకలేదు. తెలిసిన జవాబుకి మళ్ళీ లెక్క ఎవరు చేస్తారు? ఒకరోజు మధ్యాహ్నం భోజనం డబ్బా మూత తీసి, ఫోనులో పిల్లలకి చూపించడానికి ఏవో కిటికీల బొమ్మలు వెతుకుతుంటే, ఒంటి చెట్టు కనబడింది. నీలం ముసుగు కనబడింది. బొమ్మంతా ఒక్కసారిగా వచ్చేసింది, పై నుంచి కింది దాకా. కళ్ళు దిగేలోపే నా అరచెయ్యి తెర కింది సగం మీద పడింది, అచ్చం బాబాయి తువ్వాలులాగే. చేతిని కొంచెం కొంచెంగా, ఒక్కో గీతే కిందికి జరిపాను. బుగ్గలు. మోచెయ్యి. మణికట్టు.

గూడబాతు లేదు. కుక్క లేదు, పండు లేదు, గచ్చుబిళ్ళలు లేవు. తల్లి పాదాలు బట్ట కింద కనబడనే లేదు. బాబు ఆ చేత్తో వాళ్ళమ్మ చూపుడువేలు పట్టుకుని ఉన్నాడు. అంతే ఉంది అక్కడ.

పెళ్ళికి ముందు నుంచీ, వరద వచ్చేదాకా, అమ్మ రోజూ నిద్ర లేచి చూసిన బొమ్మ అది. మర్చిపోవడానికి అందులో ఏముంది? డబ్బా మూత పెట్టేసి, వరండాలోకి వెళ్ళి నాన్నకి ఫోన్ చేశాను. చెరువు గట్టు మీద ఉన్నాడు, గాలి హోరు వినబడుతోంది.

"నాన్నా, మన పటంలో బాబు చెయ్యి కింద ఏముండేదో నీకు తెలుసా? వరదకి ముందు నువ్వూ చూశావుగా? చేప అని ఊరికే అనేవాడివి కదూ?"

నాన్న, "మీ అమ్మ గూడబాతంది కదమ్మా" అన్నాడు. "గూడబాతే."

ఇప్పుడా పటం ఏలూరులో మా ఇంట్లో ఉంది. అసలు బొమ్మ రంగుల్లో తీయించి దాని స్థానంలో పెడదామని ఒకసారి అనుకుని మానేశాను. కొత్త తరగతి పిల్లలకి కథ ఇప్పటికీ పాతదే చెబుతున్నాను, కాకపోతే చదువు గురించి చివర్లో చెప్పే ఆ మాట తీసేశాను. అప్పుడప్పుడు సాయంత్రం దాని ముందు నిలబడితే, జడలేసుకుని, డిక్షనరీ చంకలో పెట్టుకుని, పాసింజరు కోసం చూస్తున్న ఆ పండితురాలు కనబడి నవ్వొస్తుంది. పాపం, చాలా కష్టపడి వేసింది. పాదాలు బాగా కుదిరాయి. గూడబాతు ముక్కే కాస్త వంకరగా వచ్చింది.